టోల్ దండగ అనే ప్రతివాడూ పిసినారి కాదు: ఫోబియాలు, వాటి వైద్యం

బెంగళూరులో సిల్క్ బోర్డ్ దాటాక ఎలక్ట్రానిక్ సిటీ దాకా దాదాపు పది కిలోమీటర్ల ఫ్లైఓవర్ ఉంది, 2010 నుంచి. ఎక్కితే సిగ్నళ్ల గొడవ లేదు. అయినా రోజూ కింద రోడ్డు మీదే, బొమ్మనహళ్లి దగ్గర బస్సులకీ ఆటోలకీ మధ్య నలుగుతూ ఆఫీసుకి పోయేవాళ్లు మన తెలుగువాళ్లలోనే బోలెడుమంది. ఎందుకురా అంటే "టోల్ దండగ" అంటారు. చాలామందికి అది నిజమే. కొందరికి మాత్రం అసలు సంగతి వేరు. పైకెక్కాక పక్కన పిట్టగోడ తప్ప ఇంకేమీ కనిపించదు, ఆపుదామంటే చోటుండదు, స్టీరింగ్ మీద అరచేతులు చెమటతో జారతాయి, బండి దానంతటదే గోడ వైపు లాగుతున్నట్టు అనిపిస్తుంది. ముప్ఫై దాటిన టీమ్ లీడ్, ఈఎంఐ మీద కారు కొన్న మనిషి, ఈ మాట లంచ్ టేబుల్ దగ్గర ఎలా చెప్తాడు? దానికన్నా పిసినారి అనిపించుకోవడమే నయం.

ఇలాంటివాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. ఆరో అంతస్తుకి రోజూ మెట్లెక్కుతూ "స్టెప్స్ కౌంట్ కోసం" అని వాచీ చూపించే ఆయనకి లిఫ్ట్ తలుపు మూసుకుంటే ఊపిరాడదు. హైదరాబాద్‌కి "నాకు రాత్రి బస్సే హాయి" అనే ఆవిడకి టేకాఫ్ అన్న మాట వింటేనే కడుపులో తిప్పుతుంది. పక్క వీధిలో ఆంధ్రా మెస్ ఉన్నా రోజూ ఫోన్లోనే భోజనం ఆర్డర్ పెట్టుకునే అమ్మాయికి బద్ధకం అని రూమ్మేట్లు పేరు పెట్టారు. ఆ వీధి మలుపులో కుక్కలుంటాయి, అదీ సంగతి.

ఈ విషయంలో బెంగళూరు చేసే సాయం కూడా తక్కువేం కాదు. ఊళ్లో ఉంటే కుక్కంటే భయమున్నా ఎలాగోలా పాలకేంద్రం దాకా వెళ్లి రావలసిందే. ఇక్కడ పాలప్యాకెట్ పది నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తుంది. అలా ఏళ్ల తరబడి ఎవరికీ కనపడకుండా, ఒక్కోసారి ఆ మనిషికే తెలియకుండా, ఇష్టం అనో అలవాటు అనో పేరు పెట్టుకుని ఫోబియా హాయిగా బతికేస్తుంది. నన్నడిగితే ఫోబియాలో ముందు చూడాల్సింది ఈ తప్పించుకోవడాన్నే. భయం సంగతి తర్వాత.

మరి మామూలు భయానికీ దీనికీ తేడా ఏంటి? సెకండ్ షిఫ్ట్ అయ్యాక క్యాబ్ వీధి మొదట్లోనే దింపేసి పోతే, అరడజను కుక్కలు గుమిగూడి మొరుగుతుంటే భయం వేయకపోతేనే ఆశ్చర్యం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికి బట్టకట్టినవాళ్లు దాదాపు లేరు కాబట్టి ఆ భయంలో బుద్ధి కూడా ఉంది. కానీ గోడ మీద కుక్కపిల్ల బొమ్మ క్యాలెండర్ ఉందని ఆ గదిలో కూర్చోలేకపోవడం, నాలుగో అంతస్తు బాల్కనీలోంచి కింద కుక్కని చూసి గుండె దడదడలాడటం, ఇంట్లో కుక్క ఉందని ప్రాణ స్నేహితురాలి గృహప్రవేశం ఎగ్గొట్టడం, ఇది వేరే లెక్క. డాక్టర్లు చూసేది కూడా ఇంచుమించు ఇదే. భయం అసలు ప్రమాదానికి ఏమాత్రం పొంతన లేకుండా ఉందా, ఆ వస్తువో చోటో ఎదురైన దాదాపు ప్రతిసారీ వస్తోందా, ఆరు నెలలకి పైగా ఉందా, దానివల్ల చదువో ఉద్యోగమో సంసారమో దెబ్బతింటోందా అని చూస్తారు. చివరిది ముఖ్యం. పాములంటే చచ్చేంత భయమున్నా కోరమంగళలో మూడో అంతస్తులో ఉంటూ దానివల్ల ఏ ఇబ్బందీ పడనివాళ్లకి వైద్యంతో పనిలేదు. రేపు పొలాల్లో తిరిగే ఉద్యోగం వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

రకాల గురించి త్వరగా చెప్పేస్తాను. జంతువులు, పురుగులు ఒకటి. ఎత్తులు, నీళ్లు, ఉరుములు ఇంకొకటి. విమానం, లిఫ్ట్, సొరంగం లాంటి పరిస్థితులు మూడోది. రక్తం, సూది, గాయం నాలుగోది, దీని కథ వేరు కాబట్టి తర్వాత మాట్లాడుకుందాం. వీటిలో ఇమడనివన్నీ 'ఇతరాలు'. నలుగురిలో మాట్లాడాలంటే వచ్చే సోషల్ యాంగ్జైటీని, బయటికెళ్తే ఏదో అయిపోతుందన్న అగోరాఫోబియాని విడిగా లెక్కేస్తారు. ఇంటర్నెట్లో పొడుగాటి గ్రీకు పేర్లతో వందల ఫోబియాల జాబితాలు తిరుగుతుంటాయి, క్విజ్ పోటీలకి తప్ప అవి ఎందుకూ పనికిరావు. చూసే డాక్టరుకి కావలసింది పేరు కాదు, ఆ క్షణంలో మీకు ఏమవుతుందని అనిపిస్తోంది అన్నదే.

చీకట్లో తాడు తొక్కి పామనుకుని ఎగిరి గంతేసి, తర్వాత నవ్వుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంటుంది. ముందు గంతేశాం, తర్వాత తెలిసింది. వరస గమనించారా? జోసెఫ్ లెడూ అనే న్యూరోసైంటిస్ట్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి తేల్చింది ఇదే. కంటికో చెవికో తగిలిన సమాచారం మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగానికి అడ్డదారిలో ముందే చేరిపోతుంది, ఆలోచించే పైభాగం చుట్టుతిరిగి వచ్చేసరికి ఒళ్లు అప్పటికే అప్రమత్తమైపోతుంది. అడ్రినలిన్ కొడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, అరచేతులు తడుస్తాయి. పరిగెత్తడానికో కొట్లాడటానికో ఒళ్లు చేసుకునే ఏర్పాట్లు ఇవన్నీ. ఫోబియా ఉన్నవాళ్లలో ఈ అడ్డదారి ఒక ఫలానా విషయానికి మరీ చురుగ్గా పనిచేస్తుంది, అంతే.

అందుకే లాజిక్ చెప్తే పోదు. "బొద్దింక నిన్నేం చేస్తుందే, నువ్వు కాలితో తొక్కితే చస్తుంది" అని వదినగారు చెప్పే మాట ఆ అమ్మాయికి కొత్త కాదు, ఆ సంగతి ఆమెకి ఇంకా బాగా తెలుసు. తెలిసి కూడా మంచమెక్కి నిలబడాల్సి వస్తోందనే సిగ్గు. ఆ సిగ్గుని మనం ఇంకాస్త పెంచుతున్నాం.

ఇది ఎలా అంటుకుంటుందన్న దానికి ఒకే జవాబు లేదు. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పసివాడికి తెల్ల ఎలుకని చూపిస్తూ, వాడు దాన్ని ముట్టుకున్నప్పుడల్లా వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో గట్టిగా కొట్టారు. కొన్నిసార్లకే వాడు ఎలుకని చూస్తే ఏడవడం మొదలెట్టాడు, తర్వాత కుందేలుని చూసీ ఏడ్చాడు. పసివాడితో ఇలాంటి పని ఇవాళ చేస్తే ఊరుకోరు, అది వేరే సంగతి. భయం నేర్చుకోగలిగినదని దాంతో తెలిసింది. కానీ ఫోబియా ఉన్న చాలామందికి అలాంటి సంఘటన ఏదీ గుర్తుండదు. కుక్క ఎప్పుడూ కరవలేదు, లిఫ్ట్‌లో ఎప్పుడూ ఇరుక్కోలేదు.

ఇక్కడ కోతుల ప్రయోగం ఒకటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ల్యాబ్‌లోనే పుట్టి పెరిగిన కోతులకి పామంటే భయం ఉండదు. 1980లలో సూజన్ మినేకా, మైఖేల్ కుక్ అనేవాళ్లు, పాముని చూసి హడలిపోతున్న వేరే కోతిని వీటికి చూపించారు. అవి చూసి నేర్చేసుకున్నాయి. తర్వాత వీడియోని ఎడిట్ చేసి, ఆ కోతి పువ్వుని చూసి హడలిపోతున్నట్టు చూపించారు. అది మాత్రం నేర్చుకోలేదు. అంటే ఎదుటివాళ్ల ముఖం చూసి భయం నేర్చుకుంటాం, అందులోనూ కొన్ని విషయాల్లో నేర్చుకోవడానికి మెదడు ముందే సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో మనిషిని నిజంగా చంపగలిగేది ప్లగ్ పాయింటు, మనం కేకలు పెట్టేది బల్లిని చూసి. పైగా బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగంలో పట్టిక అచ్చేసుకున్న జాతి మనది! వంటింట్లో బల్లి కనిపించినప్పుడు అమ్మ ముఖంలో మారిన రంగు, చంకలో ఉన్న పిల్లకి ఒక పాఠమే. దానికి తోడు వంశపారంపర్యంగా వచ్చే సున్నితత్వం కొంత ఉంటుంది. పిల్ల జడుసుకుందని అంత్రం కట్టించే పెద్దవాళ్లని నేను వెక్కిరించను, భయాన్ని గుర్తించి పక్కన కూర్చున్నందుకు వాళ్లకి దండం పెట్టొచ్చు. తాయెత్తు కట్టాక పిల్లని మళ్లీ ఆ చోటికి తీసుకెళ్లారా లేదా అన్నదే ప్రశ్న.

ఎందుకంటే భయం పుట్టడం ఒక ఎత్తు, ముప్ఫై ఏళ్లు బతకడం ఒక ఎత్తు. ఓ.హెచ్. మౌరర్ అనే సైకాలజిస్ట్ 1947లో చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తుంది. కుక్క కనిపించింది, గుండె దడ మొదలైంది, రోడ్డు దాటేశాం, హమ్మయ్య. ఆ 'హమ్మయ్య' బహుమతి లాంటిది. మెదడు రాసుకునేది ఏమిటంటే, రోడ్డు దాటాం కాబట్టి బతికాం అని. దాటకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశం పోయింది. తప్పించుకోవడం అచ్చం కాల్‌మనీ అప్పు లాంటిది, అడగ్గానే చేతికొస్తుంది, ఆ పూట గండం గడుస్తుంది, వడ్డీ మాత్రం రోజురోజుకీ పెరుగుతుంది. మొదట ఆ ఒక్క కుక్క, తర్వాత ఆ వీధి, తర్వాత పార్కు, ఆఖరికి కుక్క ఉండొచ్చేమో అనిపించే ప్రతి చోటూ.

వైద్యం ఈ ముడినే పట్టుకుంటుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే భయపడే పీటర్ అనే మూడేళ్లలోపు పిల్లవాడి గురించి రాసింది. వాడు ఇష్టమైన తిండి తింటుంటే గదిలో ఆ చివర పంజరంలో కుందేలు పెట్టి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. చివరికి వాడు కుందేలుని నిమిరాడు. తర్వాత దక్షిణాఫ్రికా డాక్టరు జోసెఫ్ వోల్పే దీన్నొక పద్ధతిగా కూర్చాడు. భయాలని సున్నా నుంచి నూరు దాకా కొలవడం, తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి మెట్లు కట్టుకోవడం, ఒంటిని వదులు చేసుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కడం, ఇదీ పద్ధతి. ఆ తర్వాతి పరిశోధనల్లో, ఒళ్లు వదులు చేసుకోవడం కంటే భయపడే దాని ఎదుట నిలబడటమే అసలు మందని తేలింది. దాన్నే ఎక్స్‌పోజర్ అంటారు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని మీరు వినే, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీలో ఫోబియాలకి పనిచేసే ముఖ్యభాగం ఇదే.

ఇదెలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను. నాకు బాగా తెలిసిన అమ్మాయి, ఒంగోలు వైపు మనిషి, మారతహళ్లిలో పీజీలో ఉండేది, గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చి ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మొదటి సిట్టింగ్‌లో కుక్క ఊసే లేదు, వివరాలు అడగడమే. "కుక్క ఎదురైతే ఏమవుతుందనుకుంటున్నావ్?" అని థెరపిస్ట్ అడిగితే, "అది నన్ను చూస్తుంది, మీదికి దూకుతుంది, నేను అక్కడే పడిపోతాను, ఇంక లేవను" అంది. ఆ మాటల్ని యథాతథంగా కాగితం మీద రాయించింది థెరపిస్ట్. ఇది ఎంత ఖాయం అంటే నూటికి తొంభై అంది. తర్వాత ఇద్దరూ కూర్చుని మెట్లు రాసుకున్నారు. కుక్క ఫొటో ముప్ఫై. శబ్దం తీసేసిన వీడియో నలభై ఐదు. శబ్దంతో అదే వీడియో డెబ్బై, మొరగడం అంత పెద్ద విషయమని ఆమెకే అప్పుడు తెలిసింది. బాల్కనీలోంచి వీధికుక్కని చూడటం అరవై. గొలుసుతో ఉన్న పెంపుడు కుక్కకి బాగా ఎడంగా నిలబడటం ఎనభై. ముట్టుకోవడం వంద, అది రాసేటప్పుడు పెన్ను పక్కన పెట్టేసి "ఇది మాత్రం జరగదు మేడమ్" అందట.

అన్నిటికంటే నాకు నచ్చిన ఘట్టం పార్కు దగ్గరిది. ముసలి లాబ్రడార్ ఒకటి, యజమాని గొలుసు పట్టుకుని బెంచీ పక్కన కూర్చున్నాడు. ఈమె గేటు దగ్గర, ఆఫీసు బ్యాగుని వీపు మీద కాకుండా ముందుకి, కడుపు మీద డాలులా పట్టుకుని నిలబడింది. ఒక చేతిలో ఫోన్, అందులో క్యాబ్ యాప్ తెరిచి ఉంది. థెరపిస్ట్ కుక్క దగ్గరికి పద అనలేదు. "బ్యాగు ఆ అరుగు మీద పెట్టు" అంది. అంతే, ఎనభైలో ఉన్న భయం తొంభై ఐదుకి ఎగిరింది. బ్యాగు ఉంటే కుక్క కరవదని కాదు, బ్యాగు ఉంది కాబట్టి బతికానని మెదడు లెక్క రాసుకుంటుంది. తోడుగా మనిషి, చేతిలో నీళ్లసీసా, పర్సులో దాచుకున్న మాత్ర, ఇవన్నీ ఇలాంటి ఊతలే. ఇవి ఉన్నంతసేపు అసలు పాఠం ఒంటబట్టదు. థెరపిస్ట్ "ఏం కాదులే" అని ఒక్కసారి కూడా అనలేదట, అస్తమానూ "ఇప్పుడెంత?" అని మాత్రం అడిగింది. తొంభై ఐదు, తొంభై, మళ్లీ తొంభై ఐదు, ఎనభై. కుక్క ఆవులించి పడుకుంది. ఈమె ఏడుస్తోంది కానీ నిలబడే ఉంది. వెళ్లేముందు థెరపిస్ట్ ఆ పాత కాగితం తీసి, రాసుకున్న వాటిలో ఏది జరిగిందో చూడమంది. కుక్క చూసింది, దూకలేదు. ఈమె పడిపోలేదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగే 'వైద్యం' సంగతి. బల్లంటే భయం అన్న మరదలి మీదికి ప్లాస్టిక్ బల్లిని విసరడం, ఈత రాదన్నవాడిని బావిలోకి తోసేయడం, "ఒక్కసారి ఎక్కితే అదే అలవాటైపోతుంది" అని లిఫ్ట్‌లోకి లాగి తలుపు మూసేయడం. ఇదీ ఎదురుగా నిలబెట్టడమే కదా అంటారు. కాదు. థెరపీలో పగ్గం భయపడేవాళ్ల చేతిలో ఉంటుంది, ముందే చెప్పి చేస్తారు, వాళ్లు ఒప్పుకున్న మెట్టే ఎక్కుతారు, భయపెట్టినది జరగలేదని తెలిసేదాకా అక్కడే ఉంటారు, మళ్లీ మళ్లీ చేస్తారు. బలవంతంగా తోస్తే మనిషి ఏడ్చి పారిపోతుంది, పారిపోగానే 'హమ్మయ్య', మెదడు లెక్కలో ఇంకో అప్పు. పైగా తోసినవాళ్ల మీద నమ్మకం పోతుంది.

ఎక్స్‌పోజర్ ఎందుకు పనిచేస్తుందన్న దాని మీద ఆలోచన కూడా మారింది. భయం మెల్లగా అరిగి చెరిగిపోతుందని మొదట్లో అనుకునేవారు. పావ్లోవ్ కుక్కల్లోనే తేడా కనిపించింది, పోయిందనుకున్న అలవాటు కొన్నాళ్ల తర్వాత మళ్లీ తలెత్తేది. మిషెల్ క్రాస్కే లాంటి పరిశోధకులు ఇప్పుడు చెప్పేది, పాత పాఠం చెరగదు, దాని పక్కన కొత్త పాఠం చేరుతుంది, రెండూ పోటీపడతాయి అని. దీనివల్ల ఆచరణలో చాలా మారుతుంది. ఒకే పార్కులో ఒకే లాబ్రడార్‌తో చేస్తే ఆ కొత్త పాఠం ఆ పార్కుకే అతుక్కుపోతుంది. అందుకే వేరే కుక్కలు, వేరే వీధులు, పగలు, సాయంత్రం, ఒంటరిగా. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలు గడిపి వచ్చాక భయం మళ్లీ తలెత్తిందంటే థెరపీ దండగైందని కాదు, పాత పాఠం ఒకసారి పలకరించి వెళ్లింది, రెండు మెట్లు కిందికి దిగి మళ్లీ ఎక్కాలి. ఆ అమ్మాయి ఇప్పుడూ రాత్రి కుక్కల గుంపు కనిపిస్తే పక్క వీధిలోంచే పోతుంది. అది ఫోబియా కాదు, లోకజ్ఞానం.

ఎంతకాలం పడుతుంది అంటే, చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. స్వీడన్‌కి చెందిన లార్స్ యోరాన్ ఓస్ట్ 1989లో ఒకే ఒక్క సిట్టింగ్ పద్ధతి గురించి రాశాడు, గరిష్ఠంగా మూడు గంటలు. ముందు ఒక ఇంటర్వ్యూ, తర్వాత ఆ ఒక్క పొడుగాటి సిట్టింగ్, ఆ తర్వాత ఇంటి దగ్గర సాధన. సాలీళ్లు, కుక్కల లాంటి భయాలకి ఇది బాగా పనిచేస్తుందని చాలా అధ్యయనాల్లో తేలింది. అందరికీ సరిపడదు, అంతసేపు కూర్చోబెట్టి చేయించే థెరపిస్ట్ దొరకడమూ తేలిక కాదు. అయినా ఏళ్ల తరబడి నానిన సమస్యకి ఏళ్ల తరబడి వైద్యం కావాలన్న లెక్క ఏమీ లేదని దీంతో తెలుస్తుంది. విమానం, ఎత్తుల లాంటి వాటికి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ కూడా వాడతారు, 1995లోనే బార్బరా రోత్‌బామ్ బృందం ఎత్తుల భయం మీద దీన్ని పరీక్షించింది. సాధన కోసం రోజుకి పదిసార్లు టేకాఫ్ ఎవరు తీసుకోగలరు మరి.

రక్తం, సూది సంగతి వేరు అన్నాను కదా. మిగతా ఫోబియాల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి, అంచేత "కళ్లు తిరిగి పడిపోతానేమో" అన్న భయం ఉన్నా దాదాపు ఎవరూ పడిపోరు. రక్తం, సూది భయంలో మొదట కాస్త పెరిగి, తర్వాత ఒక్కసారిగా రెండూ పడిపోతాయి, మనిషి నిజంగానే సొమ్మసిల్లుతాడు. ఇది ఒకే కుటుంబంలో ఒకరికి మించి ఉండటం ఎక్కువ. ఆఫీసులో హెల్త్ చెకప్ క్యాంపు పెట్టిన రోజునే కొందరు వర్క్ ఫ్రమ్ హోమ్ ఎందుకు పెడతారో కనిపెట్టండి. నవ్వులాటగా ఉంటుంది కానీ షుగర్ ఉన్న మనిషి ఇన్సులిన్ వాయిదా వేస్తే, గర్భిణి రక్తపరీక్షలు ఎగ్గొడితే నవ్వులాట కాదు.

వీళ్లకి "ఊపిరి పీల్చుకో, రిలాక్స్ అవ్వు" అని చెప్పడం సరిగ్గా తప్పు సలహా, అసలే పడిపోతున్న బీపీ ఇంకా పడుతుంది. చేయాల్సింది దానికి తిరగేసి. చేతులు, కాళ్లు, పొట్ట కండరాల్ని పది, పదిహేను సెకన్లు బిగబట్టాలి, ముఖం వెచ్చబడినట్టు అనిపించేదాకా. తర్వాత ఇరవై, ముప్ఫై సెకన్లు మామూలు స్థితికి రావాలి, పూర్తిగా వాలిపోకూడదు. ఇలా ఐదుసార్లు. దీన్నీ ఓస్ట్ బృందమే రూపొందించింది, అప్లైడ్ టెన్షన్ అంటారు, మన టెన్షన్ కాదు, కండరాల బిగువు. ఇంట్లో కొన్ని రోజులు సాధన చేశాక సూది ఫొటోలతో, ఆ తర్వాత ల్యాబ్‌లో. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. ల్యాబ్ టెక్నీషియన్‌కి ముందే చెప్పి పడుకోబెట్టి రక్తం తీయమనడంలో సిగ్గేం లేదు, వాళ్లు రోజూ చూసేదే. గుండె జబ్బు, బీపీ, గర్భం ఉంటే ముందు డాక్టర్ని అడిగి మొదలెట్టండి.

ఇంకో చిక్కు. పైకి ఒకేలా కనిపించే పని వెనక వేర్వేరు భయాలుండొచ్చు. మెట్రో పర్పుల్ లైన్ ఎంజీ రోడ్ దాటాక కబ్బన్ పార్క్ నుంచి మెజెస్టిక్ దాటి సిటీ రైల్వే స్టేషన్ దాకా భూమి కింద పోతుంది, 2016లో తెరిచిన భాగం. ఎంజీ రోడ్‌లోనే దిగి ఆటో మాట్లాడుకునే ముగ్గుర్ని ఊహించుకోండి. ఒకరికి సొరంగం భయం, గాలి ఆడదని. ఇంకొకరికి సొరంగంతో గొడవ లేదు, ఒకప్పుడు ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి గుండె దడ వచ్చి చచ్చిపోతున్నానని ఆస్పత్రికి పరిగెత్తారు, ఈసీజీ బాగానే ఉందన్నారు, మళ్లీ అది రైల్లో వస్తే దిగి పారిపోవడం ఎలా అన్నది వాళ్ల భయం. మూడో మనిషికి ఎదురు సీట్లో అందరూ తననే చూస్తున్నారని. మొదటివాళ్లకి సొరంగంలో ప్రయాణమే మందు. రెండోవాళ్లకి అంతకు ముందే ఒంట్లో దడ అంటేనే భయం పోగొట్టాలి, అందుకు థెరపిస్టులు తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పుతారు, సన్నని స్ట్రాతో ఊపిరి తీయిస్తారు, ఉన్నచోటే పరిగెత్తిస్తారు, దడ వచ్చినా ఏమీ కాదని ఒంటికే తెలిసేలా. ఇది చేసేముందు గుండె, థైరాయిడ్ లాంటివి ఒకసారి చూపించుకోవాలి. మూడోవారి దారి ఇంకొకటి. అందుకే గూగుల్లో దొరికిన పేరుతో మీకు మీరే వైద్యం చేసుకోవడం కన్నా ఒకసారి తెలిసినవాళ్లతో మాట్లాడటం నయం.

మందుల గురించి అడుగుతారు కాబట్టి ఒక ముక్క. ఫలానా వస్తువుకో చోటుకో సంబంధించిన ఫోబియాకి మాత్రలు మొదటి వైద్యం కాదు. విమానం ఎక్కేముందు వేసుకునే అల్‌ప్రాజొలామ్ లాంటివి ఆ రోజు గట్టెక్కిస్తాయి, కానీ అలవాటు పడే ప్రమాదం ఉంది, పైగా మాత్ర వల్ల బతికానన్న పాఠమే మిగులుతుంది. ప్యానిక్, సోషల్ యాంగ్జైటీ, డిప్రెషన్ కూడా ఉంటే మందుల అవసరం పడొచ్చు, అది సైకియాట్రిస్ట్ తేల్చాలి. ఎవరో స్నేహితుడి చీటీ చూపించి కొనుక్కునేవి కావు.

ఎక్కడికి వెళ్లాలి? బెంగళూరులో ఉన్నవాళ్లకి ఒక అదృష్టం, హోసూరు రోడ్డు మీద మానసిక ఆరోగ్యానికి పెట్టిన జాతీయ సంస్థ నిమ్‌హాన్స్ ఉంది. ఆ పేరు వినగానే "అది పిచ్చాసుపత్రి కదా" అనే మాట మన బంధువుల్లో ఇంకా పోలేదు. 2015-16లో ఇదే నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్నవాళ్లలో సమస్యని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది, ఆ బంధువుల మాటకీ దీనికీ సంబంధం లేదనుకోవడం అమాయకత్వం. ఎక్కడికీ వెళ్లలేకపోతే టెలీ మానస్ ఉంది, 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రైవేటుగా వెళ్తే, క్లినికల్ సైకాలజిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్లతో కూర్చున్న కోచ్‌లకి ఈ ఊళ్లో కొదవ లేదు. మొదటి ఫోన్‌లోనే మొహమాటం లేకుండా అడగండి, "నా భయానికి ఎక్స్‌పోజర్ చేయిస్తారా, మెట్లెలా కడతారు, గదిలో కూర్చుని మాట్లాడటమేనా, నాతో లిఫ్ట్ దాకా వస్తారా?" అని. నెలల తరబడి బాల్యం గురించే మాట్లాడించి, మెట్టు ఒక్కటీ ఎక్కించకపోతే ఫోబియా విషయంలో మీరు సరైన చోట లేరు. ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టమైతే తెలుగు తెలిసినవాళ్లే కావాలని అడగడంలో తప్పు లేదు, ఆఫీసు సంగతులు ఇంగ్లీషులో చెప్పగలం గానీ వణుకు వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చేది "అమ్మో"నే కదా. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుల్ని మిగతా జబ్బులతో సమానంగా చూడాలి, అయితే ఇలాంటి థెరపీ ఆస్పత్రిలో చేరకుండా నడిచేది, మీ పాలసీలో ఓపీడీ ఉందో లేదో చూసుకోండి.

ఆఖరుగా ఇంట్లోవాళ్లకి. బాత్రూములో బల్లి ఉందో లేదో రోజూ ముందు మీరే చూసి వస్తున్నారా? బాబు కోసం ఏడంతస్తులూ మెట్లు దిగుతున్నారా? ప్రేమతోనే చేస్తున్నారు, కానీ తప్పించుకునే ఏర్పాటులో మీరూ ఒక భాగమైపోయారు. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే ఆయన పిల్లల ఆందోళనకి ఒక పద్ధతి తయారుచేశాడు, అందులో థెరపిస్ట్ కలిసేది తల్లిదండ్రుల్ని మాత్రమే, పిల్లాడు రానక్కర్లేదు. పిల్లాడి భయం కోసం తాము చేసే సర్దుబాట్లని ఒక్కొక్కటిగా తగ్గించుకోవడం నేర్పుతారు. పిల్లలకి నేరుగా సీబీటీ ఇచ్చినదానికి ఇది తీసిపోలేదని వాళ్ల అధ్యయనంలో తేలింది. అందులో నేర్పే మాట చాలా చిన్నది: "నీకు భయమేస్తోందని తెలుసు నాన్నా, నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు." మొదటి సగం చెప్పి రెండోది వదిలేస్తే గారాబం, రెండోది చెప్పి మొదటిది వదిలేస్తే దబాయింపు. ఏది మానేస్తున్నారో పిల్లాడికి ముందే చెప్పండి, "సోమవారం నుంచి కింది రెండంతస్తులకి అమ్మ లిఫ్ట్‌లోనే వస్తుంది, నువ్వు లిఫ్ట్‌లో రావచ్చు, నాన్నతో మెట్లు దిగొచ్చు" అని. మొదటి వారం ఏడుపు పెరుగుతుంది, తగ్గదు. అమ్మమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి పిల్లాణ్ని ఏడిపిస్తున్నారని తిడుతుంది కూడా, ఆవిడకి కూడా ముందే చెప్పి ఉంచండి.